పదమూడో నెల ఉత్తరం

పై దేశాల్లో సేవకి వెళ్ళేవాళ్ళని తయారుచేసే ఆ శిక్షణాలయంలో ఒక ఆనవాయితీ ఉండేది. పై దేశంలో బడి నడపడానికి వెళ్ళిన టీచరు దగ్గర్నుంచి నెలకో ఉత్తరం వస్తుంది. దాన్ని నెలనెలా మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక, అందరి ముందూ చదువుతారు. చదివేది శిక్షణాలయం నడిపే పెద్దయ్యగారు కాదు. ఆ ఉత్తరం రాసిన మనిషి తరవాత అదే బడికి ఎవరు వెళ్ళబోతున్నారో వాళ్ళు చదవాలి. ముందు వెళ్ళినవాళ్ళ మాట వెనక వెళ్ళేవాళ్ళ నోట వినపడాలని పెద్దయ్యగారి ఉద్దేశం. మంచి ఉద్దేశమే. ఈ కథలో ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు, వచ్చిన చిక్కల్లా అదే.

లెక్కల టీచరు అక్కడ చేరి మూడు నెలలు దాటింది. మూడు ఉత్తరాలు చదివింది. ఆవిడ వెళ్ళాల్సిన బడిలో ఏడాది కిందట చేరిన పిల్లని అందరూ పాటల టీచరు అంటారు. ఎక్కాలకి కూడా పాట కట్టేదట. లెక్కల టీచరు ఆ పిల్లని ఎప్పుడూ చూడలేదు కానీ ఆ పిల్ల తల్లి మాత్రం మూడు పూటలా కళ్ళెదుటే ఉంటుంది. శిక్షణాలయంలో వంట చేసేది ఆవిడే.

వంటమ్మకి చదువు రాదు. మొదటి ఆదివారం పొయ్యి మీదవన్నీ దింపేసి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి ముందు వరసలో కూర్చునేది. లెక్కల టీచరు "అమ్మా" అని మొదలుపెట్టగానే "ఆఁ" అని పలికేది, ఎదురుగా కూతురే నిలబడి పిలిచినట్టు. మొదటిసారి అందరూ నవ్వారు. తరవాత అలవాటైపోయింది.

"నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బరువులు ఎత్తకు" అని ఉత్తరంలో వస్తే, వెనక్కి తిరిగి అందరికీ చెప్పేది.

"చూశారా! సముద్రం అవతల కూర్చుని కూడా నా మోకాలే దానికి దిగులు."

ఆ రోజునుంచి ఆవిడకి లెక్కల టీచరంటే ప్రాణం. కూతురి మాటలు ఆ నోటినుంచి వస్తున్నాయి కదా, ఆ నోరు చల్లగా ఉండాలని వడ్డనలో అందరికన్నా ఒక గరిటె ఎక్కువ వేసేది. పక్కన కూర్చునే కాంపౌండరు మూతి ముడుచుకునేవాడు.

"మేమూ వెళ్తున్నాం కదమ్మా పై దేశానికి, మాకెందుకు లేదీ గరిటె?"

"నీ ముందు వెళ్ళినాయన వాళ్ళమ్మ ఎక్కడుందో చూసుకుని అక్కడికెళ్ళి అడుగు నాయనా."

శిక్షణాలయం ఒకప్పుడు బిస్కెట్ల గోడౌను. వాన పడితే గోడల్లోంచి ఇప్పటికీ తీపివాసన వచ్చేది. కింద హాలు, పైన పది గదులు, మెట్ల పక్కన గోడంతా ఒక పెద్ద పటం. పటంలో ఎర్రసూదులు గుచ్చి ఉండేవి, ఒక్కో సూది ఒక్కో బడి. పొద్దున భాష క్లాసు. చెవులకి యంత్రం తగిలించుకుని, తెలియని భాషలో "కూర్చోండి, లేవండి, నీళ్ళు ఎక్కడ" అని గంటసేపు అప్పచెప్పాలి. తరవాత నల్లబల్ల, సుద్దముక్క లేకుండా పాఠం చెప్పే అభ్యాసం. గులకరాళ్ళతో కూడికలు, చెప్పులతో తీసివేతలు. దీంట్లో లెక్కల టీచరుని మించినవాళ్ళు లేరు. కాంపౌండరు చెప్పులు తీసుకుని భాగహారం చేసి చూపించిందొకసారి. అతను మిగిలిన ఒంటి చెప్పుతో భోజనానికి వెళ్ళాడు.

ముప్పై నాలుగేళ్ళ మనిషి. నాలుగేళ్ళుగా దరఖాస్తు పెట్టుకుంటే ఇప్పటికి పిలుపొచ్చింది. చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే అక్కే పెంచింది. పై దేశం సేవ అనగానే అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు, మూడో రోజు పెట్టె సర్దడం మొదలుపెట్టింది. బస్సు నడిపే బావ మాత్రం వేళాకోళం మానలేదు.

"నేను డిపో దాటి పది నిమిషాలు లేటైతేనే మీ అక్క పది ఫోన్లు చేస్తుంది మరదలా. నువ్వెళ్ళాక ఆ ఫోన్లన్నీ నాకే పడతాయి. కాస్త కనికరించు."

లెక్కల టీచరుకి వెళ్ళాలని ఉంది. ఆ మాట సూటిగా చెప్పుకోవాలి, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. నలభై మంది పిల్లలకి వెయ్యి దాకా లెక్కపెట్టడం నేర్పే మనిషి లేడని విన్న రోజునుంచి ఆవిడకి ఆ బడి తప్ప వేరే ఆలోచన లేదు. ఎడమ జబ్బకి నాలుగు టీకాలు వేయించుకుంది. జబ్బ కుమ్మరి చేతి ముద్దలా వాచినా నవ్వుతూనే తిరిగింది. "నేను చనిపోతే నన్ను అక్కడే సమాధి చేయవచ్చును" అని టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టమంటే, ఒక్క క్షణంలో పెట్టేసింది.

ప్రయాణానికి రెండు వారాలుందనగా ఉత్తరాల వారం వచ్చింది.

పెద్దయ్యగారి భార్య, అందరూ అమ్మగారంటారు, ఒక్కొక్కరికీ పన్నెండు కవర్లూ ఒక గీతల కాగితాల పుస్తకమూ ఇచ్చింది.

"అక్కణ్ణుంచి టపా సరిగ్గా రాదు. ఒక్కోసారి మూడు నెలలకి మూడూ కలిసొస్తాయి, ఒక్కోసారి ఒక్కటీ రాదు. ఈలోపు ఇక్కడ తల్లులు మంచం పడతారు. అందుకని మీరు పన్నెండు నెలల ఉత్తరాలూ ముందే రాసి మా దగ్గర పెట్టండి. అసలు ఉత్తరం వస్తే అదే ఇస్తాం. రాని నెల వీటిలోది ఒకటి తీస్తాం. ఇంట్లోవాళ్ళకి చెప్పకండి, చెబితే ఇంక ఫలితం ఏముంది?"

ఎలా రాయాలో కూడా చెప్పింది. తారీకు వెయ్యకూడదు. ఎండా వానా రాయకూడదు. ఒక పిల్లవాడి అల్లరి, ఒక ప్రార్థన మనవి, ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం గురించి ఒక పలకరింపు, చివర "నా గురించి బెంగపడకండి". కాగితం వెనక కింది మూలలో పెన్సిలుతో వరస నంబరు వెయ్యాలి. ఇచ్చేముందు ఆఫీసులో చెరిపేస్తారు.

కాంపౌండరు ఒక్క మధ్యాహ్నంలో పన్నెండూ లాగించేశాడు.

"ఎనిమిదో నెలలో నాకు జ్వరమొచ్చింది. తొమ్మిదో నెలలో తగ్గిపోయింది. చూశారా ఎంత సహజంగా ఉందో!" అని గొప్పలు చెప్పుకున్నాడు. అందరూ పడీపడీ నవ్వారు, లెక్కల టీచరు కూడా నవ్వింది.

తన గదిలో కూర్చున్నాక మాత్రం నవ్వు రాలేదు. "అక్కా, నేను బాగున్నాను" అని ఒకటో నెలకి రాసింది. రెండో నెలకీ అదే రాసింది. ఏడో నెల కాగితం మీద కలం ఆగిపోయింది. ఏడో నెలలో తను బాగుంటుందని ఎవరు చెప్పారు? ఏ లెక్క ప్రకారం? సమాధి కాగితం మీద ఒక్క క్షణంలో సంతకం పెట్టిన మనిషి ఆ మూడు మాటలకి అరగంట కూర్చుంది. అయినా రాసింది. పన్నెండూ రాసి, నంబర్లు వేసి, సాయంత్రం అమ్మగారి చేతికిచ్చింది. ఆవిడ వాటిని ఆఫీసు గదిలో ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక వంటమ్మ ఒక రేకు డబ్బా తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"ఓ పని చేసిపెడతావా తల్లీ? మా పిల్ల ఉత్తరాలన్నీ ఇందులో దాచుకున్నా. నిన్న డబ్బా చెయ్యిజారి అన్నీ కలిసిపోయాయి. నాకా చదువు రాదు. నువ్వొక్కసారి వరసగా పెట్టిపెట్టు. ఏడాది నిండింది కదా, నువ్వెళ్ళగానే అది వచ్చేస్తుంది, దానికే చూపిద్దామని."

లెక్కల టీచరు చాప మీద ఉత్తరాలు పరిచింది. మొదట వేటికీ తారీకులు లేవని చూసింది. తరవాత ఒకటి తీసి చదివింది. ఒక పిల్లవాడి అల్లరి. ఒక ప్రార్థన మనవి. మోకాలి నొప్పి. బెంగపడకు. ఇంకొకటి తీసింది. అల్లరి, మనవి, మోకాలు, బెంగపడకు.  కాగితం వెనక్కి తిప్పింది. కింది మూలలో పెన్సిలు గీత చెరిపేసి ఉంది కానీ నొక్కి రాసిన అంకె ఒత్తు మిగిలిపోయింది. వెలుతురుకి పెడితే నాలుగని కనపడింది. తరవాతది తొమ్మిది. ఆ తరవాతది ఒకటి.

 చేతులు ఆగలేదు. అంకెలు చూసుకుంటూ, ఒకటి, రెండు, మూడు, పన్నెండు దాకా పేర్చేసింది. ఒక్క నెల కూడా అసలు ఉత్తరం రాలేదు. పన్నెండు నెలలూ బీరువాలోంచే వచ్చాయి. అందులో చివరి మూడూ తన నోటితోనే చదివింది.

"అప్పుడే అయిపోయిందా? ఎలా పోల్చావ్ అంత గబగబా?" వంటమ్మ ముఖం వెలిగిపోతోంది.

"లెక్కల టీచర్ని కదమ్మా" అంది. 

అక్కణ్ణుంచి లేచి తిన్నగా ఆఫీసుకి వెళ్ళింది. పెద్దయ్యగారు చీటీల మీద సామాను పేర్లు రాసుకుంటున్నారు. ఆవిడ ముఖం చూడగానే కలం కింద పెట్టారు.

"పాటల టీచరు దగ్గర్నుంచి ఆఖరి కబురు ఎప్పుడొచ్చిందండీ?"

ఆయన అబద్ధాలు చెప్పే అలవాటున్న మనిషి కాదు. పాపం, ఉన్న ఒక్క అబద్ధమూ ఏడాది పొడుగునా సాగింది.

"దిగిన రోజు ఫోను చేసింది. చేరాను అంది. అంతే. రెండో నెలలో అక్కడేవో అల్లర్లు జరిగి బడికెళ్ళే దారి మూసేశారు. మనుషుల్ని పంపాను. సగం దారిలోంచి వెనక్కొచ్చేశారు. ఉందో లేదో నాకు తెలీదమ్మా. నిజంగా తెలీదు."

"వాళ్ళమ్మకి చెప్పలేదు."

"ఏమని చెప్పను? పోయిందని చెప్పడానికి ఆధారం లేదు. ఉందని చెప్పడానికీ లేదు. ఈ నెల కబురొస్తుంది, వచ్చే నెల వస్తుంది అనుకుంటూ ఒక్కొక్కటే తీసిచ్చాను. మొదటిది ఇచ్చేశాక రెండోది ఇవ్వక తప్పలేదు."

"అదే చోటికి నన్ను పంపుతున్నారు."

"ఇప్పుడు దారి తెరిచారంటున్నారు." ఆయన గోడ మీది పటం వైపు చూశారు. "ఎవరో ఒకరు వెళితేనే కదమ్మా తెలిసేది?"

ఆ మాట ఆయన ఎంత మెల్లగా, ఎంత మర్యాదగా అన్నారంటే, అర్థం కావడానికి ఆవిడకి రెండు క్షణాలు పట్టింది. తన పెట్టె, టీకాలు, గులకరాళ్ళు, నాలుగేళ్ళ ఎదురుచూపు, అన్నీ కలిపి తను ఒక కబురు కనుక్కునే మనిషి. అంతకు మించి ఏమీ కాదు. పైగా తన పన్నెండు ఉత్తరాలూ ఆ బీరువాలోనే ఉన్నాయి.

"వంటమ్మకి నేను చెబుతాను" అంది.

"చెప్పండి. మీ ఇష్టం. ఆవిడ గుండె ఆగితే అది కూడా మీ ఇష్టమే. నేనైతే ఆపను." ఆయన మళ్ళీ కలం అందుకున్నారు. "కాకపోతే నోరు నిలవనివాళ్ళని నేను అంత దూరం పంపలేను. చెప్పారంటే ఆ బడి మీది కాదిక."

ఇక్కడ ఆవిడ వెంటనే వంటింట్లోకి వెళ్ళి నిజం చెప్పేసిందని రాస్తే బాగుంటుంది. కానీ వెళ్ళలేదు. ఆ రోజు కాదు, మర్నాడూ కాదు. అవతలి బడి వదులుకోలేదు, ఇవతలి తల్లి ముఖం చూడలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆవిడ ఆ రెంటి మధ్యా చాప వేసుకుని కూర్చుంది. ఆ పిల్ల బతికే ఉండొచ్చు కదా, నేనే వెళ్ళి కనుక్కుని, తల్లికి నిజమైన కబురే రాయొచ్చు కదా అని తనకి తాను నచ్చచెప్పుకుంది. నచ్చచెప్పుకున్నకొద్దీ ముద్ద దిగేది కాదు. వంటమ్మ మాత్రం రోజూ ఆ ఎక్కువ గరిటె వేస్తూనే ఉంది.

"ప్రయాణం భయంతో చిక్కిపోతున్నావ్ తల్లీ. తిను. అక్కడ మా పిల్లని చూడగానే చెప్పు, అమ్మ మోకాలు బాగానే ఉందని. బాగాలేదనుకో, అయినా బాగానే ఉందని చెప్పు."

"అలాగేనమ్మా" అనేది లెక్కల టీచరు. ఆ "అలాగే" అన్న ప్రతిసారీ తన మీద తనకే అసహ్యం వేసేది.

అలా పది రోజులు గడిచాయి.

మొదటి ఆదివారం వచ్చింది. ఆ గురువారమే ప్రయాణం కాబట్టి వెళ్ళేవాళ్ళ ఇళ్ళవాళ్ళందరినీ పిలిచారు. అక్కా బావా వెనక వరసలో కూర్చున్నారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, దారినపోయేవాళ్ళందరికీ వందనాలు పెడుతున్నాడు. అక్క ఏడుపు దాచుకోవడానికి చేతిసంచి లోపల ఏదో వెతుకుతున్నట్టు నటిస్తోంది.

ఆరాధన అయ్యాక పెద్దయ్యగారు వేదిక మెట్ల దగ్గర ఒక కవరు ఆవిడ చేతిలో పెట్టారు. "చదివెయ్యండమ్మా" అన్నారు గొంతు తగ్గించి. ముఖంలో రక్తం లేదు. రాత్రి నిద్రపోయినట్టు లేరు.

ఆవిడ వేదిక ఎక్కి కాగితం విప్పింది. పాటల టీచరు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. ఇవీ గుండ్రంగానే ఉన్నాయి, కానీ ఒక్కోటి రెండుసార్లు దిద్దినట్టున్నాయి. చదవకముందే కళ్ళు కిందికి పరుగెత్తాయి.

అమ్మా, నేను బాగున్నాను. నా బదులు లెక్కల టీచరు వస్తోందని తెలిసి చాలా సంతోషించాను. ఆవిడకి బడి అప్పచెప్పి నేను ఇంకా లోపలి ఊళ్ళకి వెళ్తున్నాను. అక్కణ్ణుంచి ఉత్తరాలు రావడం కష్టం. ఇకమీదట నా క్షేమం ఆవిడే రాస్తుంది. నా గురించి బెంగపడకు.

 ముందు వరసలో వంటమ్మ చేతులు తుడుచుకుని, మెడ చాచి చూస్తోంది.

"అమ్మా" అని చదివింది లెక్కల టీచరు.

"ఆఁ" అంది వంటమ్మ.

   లెక్కల టీచరు తరవాతి మాట చదవకుండా కాగితం మడిచేసింది.

"ఈ నెల ఉత్తరం రాలేదమ్మా."

వంటమ్మ నవ్వేసింది. "నీ చేతిలో ఉందేంటి మరి?"

"ఇది మీ అమ్మాయి రాసింది కాదు."

ఎవరో దగ్గారు. పెద్దయ్యగారు కదల్లేదు. అమ్మగారు ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. వంటమ్మ నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, దాన్ని తీసెయ్యాలని ఆవిడకి తోచలేదు.

"పోయిన నెలది?" అని అడిగింది.

"అది మీ అమ్మాయే రాసింది. కానీ అక్కణ్ణుంచి కాదు. ఇక్కడే, వెళ్ళకముందు రాసి ఆఫీసు బీరువాలో పెట్టింది."

"అంతకు ముందుది?"

"అదీ ఇక్కడే."

"మోకాలి సంగతి రాసింది కదా, అది?"

"అన్నీనమ్మా. పన్నెండూ ఇక్కడే రాసింది. అక్కణ్ణుంచి ఒక్కటి కూడా రాలేదు."

వెనక వరసలో అక్క లేచి నిలబడింది. చెల్లెలినే చూస్తోంది. ఆ చూపులో ఉన్న ప్రశ్న ఇంత దూరానికీ అర్థమైంది. నువ్వూ రాశావా? లెక్కల టీచరు తల దించుకుంది.

"నీకెప్పుడు తెలిసింది తల్లీ?" వంటమ్మ గొంతు మామూలుగానే ఉంది, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా.

"పది రోజులైంది."

వంటమ్మ ఆవిడని తిట్టలేదు. తిడితే బాగుండునని లెక్కల టీచరుకి అనిపించింది. ఒక్క మాట అంటే, దాన్ని పట్టుకుని కాళ్ళ మీద పడిపోయేది. వంటమ్మ ఆ వైపు చూడటం మానేసి, కుర్చీ వీపు పట్టుకుని మెల్లగా లేచింది. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పెద్దయ్యగారి దగ్గరికి వెళ్ళింది. చేతులు కట్టుకుని నిలబడింది, జీతం పెంచమని అడగడానికి వచ్చినప్పుడు కూడా అలాగే నిలబడేది.

"అయ్యగారూ, మీ మీద నాకేం కోపం లేదు. ఒక్కటి చెప్పండి. ఆ బీరువాలో మా పిల్లవి ఇంకా ఎన్నున్నాయి?"

పెద్దయ్యగారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

"అయిపోయాయమ్మా" అన్నారు.